పాత లాప్‌టాప్ చేసిన పాపమేమిటి?

ఇది మనలో చాలామంది చూసిందే. హైదరాబాదు ఆఫీసు నుంచి ఒకాయన రెండు వారాల పని మీద న్యూజెర్సీ ఆఫీసుకి వస్తాడు. చేతిలో ఏడెనిమిదేళ్ళ లాప్‌టాప్. విండోస్‌లోకి లాగిన్ అవుతుంది గానీ షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకోవు, ప్రింటరు పలకదు. హెల్ప్‌డెస్క్ వారి తీర్పు సిద్ధంగా ఉంటుంది: "మెషిన్ పాతదండీ. డొమైన్‌లోంచి తీసేసి మళ్ళీ చేరుద్దాం." నా దృష్టిలో ఇది ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

విండోస్ లోపలికి రానిచ్చినంత మాత్రాన నెట్‌వర్క్ మనని గుర్తుపట్టినట్టు కాదు. డొమైన్ కంట్రోలర్ అందనప్పుడు, ఇదివరకు దాచుకున్న వివరాలతోనే విండోస్ తలుపు తీస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాతే బయటపడుతుంది.

అందుకని ముందు డీఎన్ఎస్ చూడాలి. డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో లాప్‌టాప్‌కి చెప్పేది అదే. సొంత ఆఫీసులో ఎవరో చేత్తో టైపు చేసిన అడ్రసు అలాగే ఉండిపోయినా, మెషిన్ గెస్ట్ వైఫైకి తగులుకున్నా, ఇంటర్నెట్ చక్కగా నడవచ్చు, డొమైన్ మాత్రం కనపడదు. ఐపీకాన్ఫిగ్ కమాండుతో ఈ సంగతి నిమిషంలో తేలుతుంది.

తర్వాత గడియారం. మామూలు సెట్టింగులో కెర్బెరోస్ 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. టైమ్‌జోన్ మార్చకుండా గంటలు మాత్రం వెనక్కి తిప్పితే స్క్రీను మీద సమయం సరిగ్గానే కనిపిస్తుంది, లోపలి లెక్క గంటల కొద్దీ తప్పుతుంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయినా గడియారం తప్పుతుంది. వయసు నిజంగా అడ్డొచ్చే చోటు ఇది, కానీ దానికి మందు బ్యాటరీ మార్చడమే.

ఇక "30 రోజులు నెట్‌వర్క్‌కి దూరంగా ఉంటే డొమైన్‌తో బంధం తెగుతుంది" అన్న మాట అపోహ. మామూలుగా 30 రోజులకోసారి మెషిన్ పాస్‌వర్డు మార్చేది లాప్‌టాపే. అది మార్చలేదని సర్వరు దాన్ని వెళ్ళగొట్టదు. సర్వరులో ఆ మెషిన్ అకౌంటును తొలగించినా, రీసెట్ చేసినా, లాప్‌టాప్‌ని పాత బ్యాకప్‌కి తిప్పినా తెగవచ్చు. అప్పుడు కూడా, సర్వరులో అకౌంటు మిగిలి ఉంటే, తగిన హక్కులున్నవారు పవర్‌షెల్‌లోంచి డొమైన్ వదలకుండానే బాగుచేయవచ్చు.

తొందరపడి డొమైన్‌లోంచి తీసేస్తే, అప్పటిదాకా పనిచేసిన లాగిన్ కూడా పోతుంది. డీఎన్ఎస్ తప్పుగా ఉంటే తిరిగి చేరడమూ కుదరదు. పైగా 2022 అక్టోబరు అప్‌డేట్ల తర్వాత, ఉన్న మెషిన్ అకౌంటు పేరుతోనే మళ్ళీ చేర్చడానికి నిబంధనలు బిగిశాయి. అతిథి ఆఫీసులోని టెక్నీషియన్‌కి ఆ హక్కు ఉండకపోవచ్చు. రెండు వారాల పని మీద వచ్చిన మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

సెక్యూరిటీ వారి భయమూ న్యాయమైనదే. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపు అప్‌డేట్లు లేని మెషిన్‌ని రానివ్వమంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ అది నిబంధన, రోగం కాదు. ఆ మాట ప్రయాణానికి ముందే చెప్పి, ఇక్కడ వేరే లాప్‌టాప్ సిద్ధంగా ఉంచండి. రానిస్తామంటే మాత్రం డొమైన్ మీద చేయి వేసేముందు డీఎన్ఎస్, గడియారం చూడండి.