పది సెకన్ల కాగితము



"ఈ.సి.జి. బాగానే ఉందన్నారు, అయినా దడ తగ్గలేదండీ" అనే మాట గృహ దర్శనములలో మేము తరచుగా వింటుంటాము. ఆ కాగితము మీద పడేది సుమారు 10 సెకన్ల గుండె లయ మాత్రమే.

ఊపిరితిత్తుల రక్తనాళములలో పోటు పెరిగిన వారికి ఇది చిన్న సంగతి కాదు. చేతికి పట్టీ కట్టి చూసే బి.పి. వేరు, ఇది వేరు. ఆ పోటుకు ఎదురు రక్తమును నెట్టి నెట్టి గుండె కుడి భాగము సాగిపోతుంది. సాగిన గుండెలో లయ తప్పడము సులువు. తప్పినప్పుడు ఆయాసము, కాళ్ల వాపు పెరుగుతాయి, కొందరు స్పృహ తప్పుతారు. నెలకొకసారి వచ్చిపోయే దడ 24 గంటల హోల్టరుకు కూడా చిక్కకపోవచ్చు. (నార్మన్ హోల్టర్ తయారుచేసిన మొదటి యంత్రమైతే వీపున మోయవలసిన 38 కిలోల బరువు!) నేడు చిటికెన వేలికన్నా చిన్నదైన లూప్ రికార్డరును ఛాతీ చర్మము క్రింద అమర్చితే సుమారు 3 సంవత్సరములు లయను కనిపెట్టుకొని ఉంటుంది.

ఖర్చు ఎక్కువే, అందరికీ అవసరమూ లేదు. కాని స్పృహ తప్పిన మనిషిని "నీరసములే" అని పడుకోబెట్టి ఊరుకోవడము మాకు సమ్మతము కాదు. దడ వచ్చిన తేదీ, గంట, ఎంతసేపు ఉన్నదీ నోటుపుస్తకములో వ్రాసి డాక్టరుగారికి చూపించండి. ఇంకా ఎక్కువ రోజులు లయను చూడవలసి ఉందేమో అడగండి.