తేయాకు తోటల్లో పాటే దస్తావేజు

పొట్ట చేతబట్టుకుని పరాయి గడ్డకు పోయిన కూలీ కథ కాగితాల మీద సగమే దొరుకుతుంది. తోట యజమాని పుస్తకంలో కూలీ పేరు, నెంబరు, కోసిన ఆకు తూకం ఉంటాయి. ఏ మాట చెప్పి తీసుకొచ్చారో, ఆ మాట ఎవరు తప్పారో అందులో రాయరు. ఆ మిగతా సగం పాటలో ఉంది. అస్సాం తేయాకు తోటల ఝుమూర్ పాటలే అందుకు సాక్ష్యం.

ఇది మనకు సంబంధం లేని సంగతి కాదు. పందొమ్మిదో శతాబ్దిలో ఆ తోటలకు ఛోటానాగపూర్, సంతాల్ పరగణాలు, ఒరిస్సాల నుంచే గాక అప్పటి మదరాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలను తరలించారు. తెలుగు మూలాలున్న కుటుంబాలు నేటికీ అక్కడ ఉన్నాయి. కరువు, అప్పు వెనుక నుంచి తరిమితే, 'ఆర్కాటీ'లనే దళారులు ముందు నుంచి ఆశ చూపారు. 1859 నాటి చట్టం ప్రకారం ఒప్పందం మధ్యలో పని మానడం నేరం. పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని 1865 చట్టం తోట యజమానికే ఇచ్చింది. ఆ అధికారం 1908 దాకా పోలేదు.

నోరు విప్పి అడిగితే దెబ్బలు తప్పని చోట ఫిర్యాదు పాటలో దూరింది. ఆ తోటల్లో అందరి నోటా ఉన్న ఒక ఝుమూర్‌లో సర్దారు, బాబు, సాహెబు వరుసగా వస్తారు. ఒకరిని మించి ఒకరు కఠినులు. చివరకు నింద, మోసగించి తీసుకొచ్చిన జదురాం మీద పడుతుంది. తరాలు మారినా ఆ పేరు పోలేదు. కోర్టులో నిలబెట్టలేని వాడిని కూలీలు పాటలో నిలబెట్టారు.

పాట కడుపు నింపుతుందా అని అడిగేవారున్నారు. నింపదు. 1921 మేలో చర్గోలా లోయ కూలీలు కూలి పెంచమని అడిగి, లేదనిపించుకుని, గాంధీ మహరాజ్‌కు జై కొడుతూ వేలాదిగా తోటలు విడిచి ఇంటిదారి పట్టారు. చాంద్‌పూర్ స్టేషనులో రాత్రివేళ గూర్ఖా సిపాయిలు వారిపై విరుచుకుపడ్డారు. 1859 చట్టం 1925లో రద్దయింది. తోట కార్మికుల రక్షణ చట్టం 1951లో వచ్చింది. ఇవన్నీ పాట వల్లనే వచ్చాయనడం సరికాదు. కాని తనకు అన్యాయం జరిగిందన్న ఎరుక చావకుండా ఉంటేనే మనిషి లేచి నిలబడతాడు. ఆ ఎరుకను కాపాడింది పాట.

2025 ఫిబ్రవరిలో గౌహతిలో 8 వేల మందికి పైగా కళాకారులు ఒకేచోట ఝుమూర్ ఆడారు. సంతోషమే. అయితే 2023 అక్టోబరులో పెంచిన తరువాత కూడా బ్రహ్మపుత్ర లోయ తోటల్లో రోజుకూలి 250 రూపాయలే అయిందన్నది గమనార్హం. ఆట చూసి చప్పట్లు కొట్టి, పాటలోని మాట వినకపోవడం న్యాయం కాదు.

ఇక మన సంగతి. మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన భోజ్‌పురి వారి పెళ్లి పాటలు 'గీత్ గవాయ్'ను 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఆడవాళ్లు పాడడం మానలేదు గనుకనే అది సాధ్యమైంది. కోరంగి రేవు నుంచి మనవాళ్లూ ఆ దీవికి వెళ్లారు. వాళ్లను సాగనంపిన ఊళ్లలో ఏ పాటలు మిగిలాయో ఎవరైనా అడిగారా? ఊడుపు పాటలు, జముకుల కథ, తప్పెటగుళ్లు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వలస మాత్రం ఆగలేదు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. ఇంటింటా సెల్‌ఫోను ఉంది. ఉపాధ్యాయులు, పంచాయతీ పెద్దలు పూనుకుని వలస వెళ్లిన ఇళ్లలోని అవ్వల చేత పాడించి, పాడినవారి పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చారో కూడా రాసి గ్రంథాలయంలో భద్రపరచాలి. సినిమా పాటకు మైకు ఇచ్చినట్టే పండుగ రోజున ఈ పాటకూ ఇవ్వాలి. పొలం దస్తావేజును ట్రంకు పెట్టెలో దాచుకుంటాం. భూమి లేని వాడికి పాటే దస్తావేజు. దాన్ని చెదలకు వదలరాదు.