అంకోర్‌కు ఒక్క రోజు చాలదు

కంబోడియా వెళ్లొచ్చినవాళ్లు ఎవరికైనా మొదట చెప్పేది, తెల్లవారకముందే అంకోర్‌వాట్ కొలను దగ్గర నిలబడి సూర్యోదయం చూడమని. చూడదగ్గదే. కానీ పొద్దు పొడవగానే ఫొటో తీసుకుని తిరిగొచ్చేస్తే, రెండో సూర్యవర్మ 12వ శతాబ్దంలో కట్టించిన ఆ ఆలయంలో అసలైనది చూడనట్టే. తూర్పు వసారా గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం ఉంది. 92 మంది అసురులు, 88 మంది దేవతలు వాసుకిని పట్టి లాగుతుంటే, మందరగిరి చుట్టూ నీళ్లలో చేపలూ మొసళ్లూ ముక్కలైపోతుంటాయి. ఆ అలజడి కంటికి ఆనాలంటే గోడ వెంట మెల్లగా నడవాలి.

మనకు రామప్ప లేదా, హంపి లేదా, అంత దూరం పోయి మళ్లీ గుళ్లేనా అంటారు. నిజమే, ఉన్నాయి. అయితే ఏడో జయవర్మ కట్టించిన బయోన్‌లో బయటి గోడల నిండా కనిపించేది మామూలు జనం బతుకు: సంతలో తూకం వేసి అమ్మే ఆడవాళ్లు, పొయ్యి మీద వంట, పురుడు, కోడిపందెం. పుంజుల్ని ఎదురెదురుగా పట్టుకుని ముందుకు వంగిన ఆ మనుషుల్ని గోదావరి జిల్లాలవాళ్లకు ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. ఇక ఖర్చు సంగతి. ఒక రోజు టికెట్టు 37 డాలర్లు, మూడు రోజులది 62. రెండు ఒకరోజు టికెట్ల కన్నా ఇదే చవక. పెద్దవాళ్లు అలిసిపోతారన్న భయమూ అక్కర్లేదు. ఆ మూడు రోజులూ వరసగా తిరగాలన్న నియమం లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క గుడి చూసి, ఎండెక్కేలోపు గదికి చేరిపోవచ్చు.