కుంటలో పాచికి గడ్డిచేప మందా?

మిషన్ కాకతీయ పూడికతీత 2015లో, ఉచిత చేపపిల్లల పంపిణీ 2016లో మొదలయ్యాయి. అప్పటి నుంచి కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చెరువుల్లో, కుంటల్లో చేపలు వేసేవారు పెరిగారు. "నీళ్లు పచ్చబడ్డాయి, గడ్డిచేప వేస్తే పోతుందా?" అన్నది రైతులు తరచుగా అడిగే ప్రశ్న.

హవాయి దీవుల్లోని కానెయోహే అఖాతంలో పగడపు దిబ్బలను కప్పేసిన నాచును తినడానికి 2011 నుంచి హేచరీలో పెంచిన సీ అర్చిన్‌లను వదులుతున్నారు. అవి ఉప్పునీటి ప్రాణులు, మన కుంటల్లో బతకవు. ఇక్కడ ఆ పని చేసేవి చేపలే. అయితే ఏ చేప ఏది మేస్తుందో తెలియాలి.

గడ్డిచేప హైడ్రిల్లా లాంటి నీటి అడుగు మొక్కలను బాగా తింటుంది. గుర్రపుడెక్కను పెద్దగా ముట్టదు, దాన్ని చేత్తో తీయించాల్సిందే. నీళ్లను పచ్చగా చేసే సన్నటి పాచి కూడా దాని మేత కాదు. పైగా తిన్న గడ్డిలో చాలా భాగం అరగకుండానే బయటికి వచ్చి ఎరువవుతుంది. అంటే గడ్డి పోయి పచ్చదనం పెరగవచ్చు.

సన్నటి పాచిని వడగట్టి తినేది వెండిచేప. గడ్డిచేపలాగే ఇది కూడా 1959లో మన దేశానికి వచ్చింది. అయితే నీలి ఆకుపచ్చ పాచిలో కొంత దాని కడుపులోంచి బతికే బయటపడుతుంది. బొచ్చెతో మేతకు పోటీ పడుతుంది, పట్టిన తర్వాత త్వరగా చెడిపోతుంది. అంగట్లో ధర బొచ్చెకే ఎక్కువ కాబట్టి వెండిచేపను కొద్దిగానే వేయమంటాను.

అసలు కారణం పేడ, యూరియా ఎక్కువ వేయడం. ఎండపూట చేతిని నీటిలో ముంచండి. మోచెయ్యి మునగకముందే అరచెయ్యి కనిపించకపోతే ఎరువులు, మేత ఆపండి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గినట్టే. వెంటనే మోటారుతో కొత్త నీటిని పైనుంచి చిమ్మించాలి. మైలుతుత్తం మాత్రం సొంతంగా చల్లవద్దు. పాచి ఒక్కసారిగా చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది, ఒక్క రాత్రిలో పంటంతా తేలుతుంది.

ఉచిత పంపిణీలో ప్రధానంగా వచ్చేవి బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ. గడ్డిచేప కావాలంటే కొనుక్కోవాలి. ఎకరానికి 2,000 పిల్లలు వేసేచోట 100 నుంచి 200 చాలు. వేలెడంత సైజు దాటినవే తీసుకోండి, చిన్నవైతే కొర్రమీనుకు మేతే. మత్తడికి, తూముకు జాలి కట్టండి. వరిమడిలోకి పోతే లేత నాటును కూడా మేస్తాయి.