స్మృతి దప్పినవానిని ఎట్లు పరుండబెట్టవలెను?

పెండ్లి పందిటిలోనో, సంతలోనో, రైలు ప్లాటుఫారముపైనో ఒక మనుష్యుడు తటాలున కూలినచో మనవారు చేయు పని యేమి? నలుగురు పట్టి లేవనెత్తి కూర్చుండబెట్టుదురు. ఒకడు నోట నీళ్లు పోయును. మరియొకడు చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచును. తక్కినవారు చుట్టును మూగుదురు. సోడా కొట్టించి త్రాగింపజూచినవారిని గూడ మేమెరుగుదుము. ఇందు దయకు లోపము లేదు. కాని యీ దయయే ప్రాణములు దీయుచున్నదని చెప్పుటకు మేము సంకోచింపము.

స్పృహ పోయినవానికి కండరములు సడలి నాలుక వెనుకకు జారి గొంతు మూయును. దగ్గుటకు శక్తి యుండదు గనుక నోట బోసిన నీరు ఊపిరితిత్తులలోనికి దిగును. కూర్చుండబెట్టినచో తల రొమ్ముపై వ్రాలి శ్వాసమార్గము ముడుచుకొనిపోవును.

మొదట భుజము తట్టి పిలువవలెను. పలుకనిచో రొమ్ము కదలుచున్నదో లేదో పది సెకండ్లకు మించకుండ చూడవలెను. ఈలోపల నింకొకరు 108కి ఫోను చేయవలెను. శ్వాస సరిగా నాడుచున్నచో ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, పైకాలు మోకాలియొద్ద మడిచి, తల కొంచెము వెనుకకు వంచి, నోరు నేలవైపునకు ఉండునట్లు పరుండబెట్టవలెను. వాంతి యైనను బయటికే పోవును.

శ్వాస లేనిచో, లేక యెగశ్వాసవలె అప్పుడప్పుడు మాత్రమే నోరు తెరచుచున్నచో, సంగతి వేరు. దీనినే శ్వాసయని పలువురు మోసపోవుదురు. అట్టివానిని వెల్లకిల గట్టినేలపై చేర్చి రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మారులు, అయిదారు సెంటీమీటర్లు దిగునట్లు నొక్కవలెను. మేము చూచిన యొక యింట వృద్ధుని నులకమంచముపై నుంచి నొక్కిరి. నులక క్రుంగెనే గాని రొమ్ము క్రుంగలేదు! నెలలు నిండిన గర్భిణి యైనచో నొకరు నొక్కుచుండగా మరియొకరు గర్భమును ఎడమకు త్రోసి పట్టవలెను. లేనియెడల నాభారము క్రింద పెద్దసిర నలిగి రక్తము గుండెకు చేరదు.

ఇది మంత్రవిద్య కాదు. 1960లో అమెరికాయందలి బాల్టిమోరున కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు దీనిని ప్రకటించిరి. రెండు చేతులు తప్ప పరికరము వలదు.

పోలీసు భయమున దూరముగ నిలుచువారు గలరు. రోడ్డు ప్రమాదములందు తోడ్పడినవారిని వేధింపరాదని 2016లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి వారికి రక్షణయు గల్పించిరి. ఇక మిగిలినది నేర్పుటయే. ప్రతి యున్నత పాఠశాలయందును ఏటికొక దినము దీనికి కేటాయింపవలెనని మేము కోరుచున్నాము. అందులకు ఒక చాప, ఒక బొమ్మ, పని తెలిసిన యొక యుపాధ్యాయుడు చాలును.