విషానికి మొదటి కాపలా

నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకు దగ్గర్లో, నల్లమల అంచున ఉంటుంది రుద్రవరం. ఇలాంటి పల్లెల్లో చేలగట్ల మీద ఆముదం, కంచెల్లో అడవి ఆముదం, పొదల మీద గురివింద తీగ, ఇళ్ల ముందు పచ్చగన్నేరు, దిబ్బల మీద ఉమ్మెత్త మామూలే. అన్నీ తెలిసిన మొక్కలే. అన్నింట్లోనూ విషమే!

మొక్క పారిపోలేదు, కొమ్ములతో పొడవలేదు. అందుకే ఆకులో, గింజలో రకరకాల రసాయనాలు దాచుకుంటుంది. కాకర చేదు, మిరప మంట కూడా ఆ బాపతే. మరి రోజూ ఆకులూ కాయలూ గింజలూ తినే మనిషికి ఏమీ కాదేం? పుట్టుకతోనే ఒంట్లో కొన్ని కాపలాలు ఉంటాయి కాబట్టి!

నాలుక దగ్గరే తనిఖీ

తీపిని గుర్తించడానికి నాలుకకు ఒక్క రకం గ్రాహకం చాలు. చేదుకు మాత్రం దాదాపు పాతిక రకాలున్నాయి. మొక్కల విషాల్లో చాలావాటికి చేదు రుచే ఉండటం ఇందుకు కారణం కావచ్చంటారు. ఎవరూ నేర్పకపోయినా పసిపిల్లలు చేదు తగలగానే ఉమ్మేస్తారు. అది మొండితనం కాదు, రక్షణ. చేదును పసిగట్టే ఈ గ్రాహకాలు ముక్కులో, శ్వాసనాళాల్లో, పేగుల్లో కూడా ఉన్నాయి.

నాలుకను దాటి వెళ్లినదాన్ని కడుపు పట్టుకుంటుంది. పేగు గోడలోని కొన్ని కణాలు హానికర పదార్థం తగలగానే సెరటోనిన్ విడుదల చేస్తాయి. ఆ కబురు వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. అంతే... వికారం, వాంతి! కిందికి జారిపోయినదాన్ని విరేచనం బయటికి నెడుతుంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా తయారవుతుంది కనుక దెబ్బతిన్న కణాలూ రాలిపోతాయి.

అక్కడా తప్పించుకున్న విషం నేరుగా గుండెకు పోదు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడి ఎంజైములు చాలా విషాలను విరిచి, మూత్రంలోనో పైత్యరసంలోనో పోయేలా మారుస్తాయి.

తెల్లకణాల మాటేమిటి?

రోగనిరోధక శక్తి అనగానే గుర్తొచ్చేవి తెల్ల రక్తకణాలే. కానీ సూక్ష్మజీవిని గుర్తుపట్టినట్టు మొక్కల్లోని చిన్న చిన్న విషాలను అవి గుర్తుపట్టలేవు. విషం వల్ల కణాలు చచ్చినప్పుడు ఆ ఆనవాళ్లు పట్టుకుని వస్తాయి. చచ్చినవాటిని మింగి శుభ్రం చేస్తాయి. ఆ హడావుడే వాపు, మంట.

ఒక్కోసారి కాపలాయే కష్టమవుతుంది. బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం చర్మానికి తగిలితే కొందరికి బొబ్బలెక్కుతాయి. 1950ల మధ్యలో పుణెలో కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ తగిలినా కొందరికి ఒళ్లంతా దద్దుర్లే. రెండుచోట్లా బాధ ఎక్కువగా ఒంట్లోని రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడం వల్లే!

ఎలుకలు నేర్చిన పాఠం

1882లో రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లల్లో ముల్లు గుచ్చి చూశాడు. దాని చుట్టూ కణాలు మూగాయి. పుట్టుకతో వచ్చే రక్షణకు అది తొలి సాక్ష్యం. 1891లో జర్మనీలో పాల్ ఎర్లిక్ మరో పని చేశాడు. ఆముదపు గింజలోని రైసిన్‌నీ, గురివింద గింజలోని అబ్రిన్‌నీ ఎలుకలకు కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చాడు. తర్వాత అవి పెద్ద మోతాదునూ తట్టుకున్నాయి. అయితే రైసిన్‌కు అలవాటుపడ్డ ఎలుక అబ్రిన్‌ను తట్టుకోలేదు. అంటే, దేని పాఠం దానిదే! ఇది పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్న రక్షణ. 1908 నోబెల్‌ను ఇద్దరూ పంచుకున్నారు.

నేర్చుకోవడానికి రోజులు పడుతుంది. గింజ నమిలిన పిల్లాడికి అంత వ్యవధి ఎక్కడిది? వాడికి దిక్కు పుట్టుకతో వచ్చిన కాపలాలే. వాటికీ హద్దులున్నాయి.

కాపలా ఓడేదిక్కడే

అడవి ఆముదం గింజ చేదుగా ఉండదు, కమ్మగా ఉంటుంది. జీవ ఇంధనం కోసం 2003 తర్వాత దేశంలో ఊరూరా ప్రచారం చేసిన జట్రోఫా ఇదే. నాలుక దీన్ని ఆపలేదు. అందుకే పిల్లలు వేరుశనగల్లా తినేసి, కాసేపటికి వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతుంటారు. ఉమ్మెత్త నోరెండగొట్టి, పేగుల కదలికనే మందగింపజేస్తుంది. పచ్చగన్నేరు విషం వాంతులయ్యాక కూడా గుండె లయను దెబ్బతీయగలదు. గొర్రెల్లో తయారుచేసిన యాంటీబాడీలు దీనికి విరుగుడుగా పనిచేస్తాయని శ్రీలంకలో జరిపిన పరిశోధన 2000లో వెలువడింది. కానీ ఆ మందు ఖరీదైనది. ఆముదపు గింజ నమిలితే లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. విషం గింజలో ఉంటుంది, నూనెలోకి రాదు కాబట్టి మందుగా వాడే ఆముదంతో ఆ భయం లేదు.

ఒక్క వాంతి అయింది కదా, విషమంతా పోయిందనుకోకూడదు. పేడనీళ్లు, ఉప్పునీళ్లు, చింతపండు రసం తాగించి వాంతి చేయించనూ కూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. నోట్లో మిగిలిన గింజ ముక్కలు తీసి, తిన్న గింజనో కాయనో వెంట పట్టుకుని, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లాడు హుషారుగా కనిపించినా సరే!

కంచెలో ఏ గింజ తినకూడదో పిల్లలకు ముందే చూపించి చెప్పడం అన్నిటికన్నా మేలు. నాలుక పట్టుకోలేని అడవి ఆముదాన్ని అమ్మానాన్నల మాటే ఆపాలి.