విశాఖ కార్మిక కుటుంబాలకు విజ్ఞప్తి: ఒక సెలవు రోజు మన చరిత్రకు ఇద్దాం

ఉక్కునగరం క్వార్టర్లలో ఉంటున్నవారికి, గాజువాక, మల్కాపురం, సింధియా, పెదగంట్యాడ, కూర్మన్నపాలెం వాసులకు, ఓడరేవులో, షిప్‌యార్డులో, రిఫైనరీలో, పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, వారి ఇంటిల్లిపాదికీ ఈ విజ్ఞప్తి.

ఒకే ఒక్క కోరికతో ఇది రాస్తున్నాను. నెలకో వీక్లీ ఆఫ్ పక్కన పెట్టి, పిల్లలనూ పెద్దలనూ వెంటబెట్టుకుని, మన చుట్టుపక్కల ఉన్న మ్యూజియాలకూ చారిత్రక స్థలాలకూ వెళ్ళండి. ఒకటి రెండు గంటలు తీరిగ్గా చూడండి. ఇంటికొచ్చాక పిల్లలతో వాటి గురించి మాట్లాడండి.

మనలో చాలామంది బతుకుతెరువు వెతుక్కుంటూ ఇక్కడికి చేరినవాళ్ళం. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఒడిశా నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చినవాళ్ళున్నారు. రెండు మూడు తరాలు గడిచినా 'మాది ఫలానా ఊరు' అని పుట్టిన పల్లె పేరే చెబుతాం. విశాఖ మాత్రం మనకు పనిచేసే చోటుగానే మిగిలిపోయింది. చుట్టాలొస్తే బీచి, కైలాసగిరి, సింహాచలం చూపించి, ఇంకో రోజుంటే అరకు తీసుకెళతాం. అంతకుమించి ఈ నేలలో చూడాల్సింది ఏమీ లేదన్నట్టే మన పిల్లలు పెరుగుతున్నారు.

చరిత్ర అంటే రాజుల సంగతి, చదువుకున్నవాళ్ళ సంగతి, మనకెందుకులే అనే మాట కూడా వింటూ ఉంటాను. ఆ మాట ఒప్పుకోలేను. విశాఖ చరిత్రలో ఎక్కడ చూసినా కనిపించేది పనితనమే. రాయి తొలిచినవారు, తొట్లు తవ్వినవారు, ఓడలు నడిపినవారు, బురద తోడి రేవు కట్టినవారు ఈ ఊరిని నిలబెట్టారు. పనిముట్టు పట్టిన చెయ్యికి ఈ చోట్లు చెప్పినంత ఇంకెవరికీ చెప్పవని నా నమ్మకం.

ముందుగా అందరికీ తెలిసిన చోటుతోనే మొదలుపెడదాం. రామకృష్ణా బీచిలో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు సేవ చేసి 2001లో విరమించింది. 2002 ఆగస్టులో మ్యూజియంగా తలుపులు తెరిచింది. పొడవు 91 మీటర్లు. అంత ఇరుకులో డెబ్బై మందికి పైగా మనుషులు రోజుల తరబడి నీళ్ళ కింద బతికారు. లోపల దారి చూపుతూ వివరించేవారు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే. వాళ్ళను ప్రశ్నలడగండి, సంతోషంగా చెబుతారు.

మీరు ఫిట్టరైతే ఆ వాల్వులు, ప్రెషర్ గేజీలు, పైపుల వరసలు చూడండి. వెల్డరైతే, సముద్రం బరువును తట్టుకునేలా ఆ పైతొడుగును ఎలా కట్టారో గమనించండి. ఎలక్ట్రీషియనైతే, నీటిపైన డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకుని, నీటి కింద ఆ బ్యాటరీలతోనే ఎలా నడిచేదో పిల్లలకు విప్పి చెప్పండి. నాన్న రోజూ ప్లాంటుకు వెళ్ళి ఏం చేస్తాడో తెలియని పిల్లవాడికి, నాన్న చేతిలో ఎంత విద్య ఉందో అక్కడ తెలుస్తుంది. అమ్మ ల్యాబులోనో ప్యాకింగ్ సెక్షన్‌లోనో పనిచేస్తుంటే ఆమె ఓపిక విలువా తెలుస్తుంది. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద నిఘా కాసిన ఆ విమానం 29 ఏళ్ళు ఎగిరి, 2017లో విరమించి, అదే ఏడాది చివర మ్యూజియంగా మారింది.

అదే బీచి రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. పాత డచ్చి బంగళాలో 1991లో ప్రారంభమైంది. అక్కడ ఒక బాంబు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపై దాడి చేసి ఓడరేవు ప్రాంతంలో బాంబులు వేశాయి. ఆనాడు పేలకుండా మిగిలిపోయి, తర్వాత నిర్వీర్యం చేసిన బాంబు అది. పోర్టులో డ్యూటీ చేసే ప్రతి ఒక్కరూ దాని ముందు ఒక్క నిమిషం నిలబడాలి. జనం ఊరొదిలి వెళ్ళిపోయిన ఆ రోజుల్లోనూ ఇక్కడ రేవు ఉంది, దాన్ని నమ్ముకున్న కూలీలూ ఉన్నారు.

ఆ రేవు పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. ఇప్పుడు మనం చూస్తున్న లోపలి హార్బరు ఒకనాడు బురద, ఉప్పునీటి చిత్తడి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఆ చిత్తడిని తవ్వి, పూడిక తోడి రేవుగా మలిచారు. అలల తాకిడి నుంచి ముఖద్వారాన్ని కాపాడటానికి జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో ముంచి అడ్డుకట్ట వేశారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొదటిసారి ఈ రేవులోకి వచ్చింది. ఎనిమిదేళ్ళకు, 1941లో, వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన సింధియా ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న అక్కడే తయారైన జల ఉషను ప్రధాని నెహ్రూ నీటిలోకి దించారు. సింధియా జంక్షన్లో బస్సు దిగే పిల్లలకు ఆ పేరు వెనుక కథ చెప్పేవారుండాలి.

హార్బరు ముఖద్వారం దగ్గర వన్‌టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదానిపై ఇషాక్ మదనీ దర్గా, మూడోదైన రాస్ హిల్ మీద మరియమాత చర్చి. సముద్రం మీదికి వెళ్ళేవారు మూడింటికీ మొక్కుకునే ఊరు మనది. ఒక్క పూటలో మూడు కొండలూ ఎక్కి దిగవచ్చు. ఆ వీధుల్లోనే రాణీ బొమ్మ ఉంది, పాత టౌన్‌హాలు ఉంది. సర్ సి.వి. రామన్ చిన్నతనంలో చదువుకున్న సెయింట్ అలోషియస్ స్కూలు కూడా అక్కడే.

ఇక కొండల మీది సంగతి. బీచి రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే 900కె బస్సు ఎక్కండి. దారిలో తొట్లకొండ వస్తుంది. రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ ఆరామం అది. నౌకాదళం అవసరాల కోసం జరిపిన విమాన సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాల పునాదులు, భిక్షువుల గదులు, వంటశాల, వాన నీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. కొండ మీద బావి లేకుండా, పంపు లేకుండా అంతమందికి నీళ్ళు ఎలా సరిపోయాయో ఆ తొట్ల అంచున నిలబడి ఆలోచించండి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఈ తీరానికి సముద్ర వ్యాపారం కొత్త కాదు. ఇవాళ బెర్తు మీద సరుకు దించే కలాసీకి ముందు ఎన్నో తరాలవారు ఈ తీరంలో అదే పని చేశారు. దగ్గరలోనే బావికొండ ఉంది. అక్కడి తవ్వకాల్లో ధాతువులున్న భరిణె దొరికింది.

ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. వేల ఏళ్ళుగా గాలి, నీరు, సముద్రం కలిసి పేర్చిన ఇసుక అది. అక్కడ జారుతూ ఆడితే మళ్ళీ పేర్చేవారు లేరు. అందుకని దూరం నుంచే చూద్దాం. దాని తర్వాత భీమిలిలో పదిహేడో శతాబ్దం నుంచి వ్యాపారం చేసిన డచ్చివారి సమాధులు, పాత లైట్‌హౌసు, గడియార స్తంభం ఉన్నాయి. ఈ తీరంలో నేసిన బట్టల కోసం ఓడలెక్కి వచ్చి, తిరిగి వెళ్ళలేక ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళ సమాధులవి.

కూర్మన్నపాలెం, పరవాడ వైపు ఉన్నవారికి భీమిలి దూరమే. మీకు శంకరం దగ్గర. అనకాపల్లి పక్కనే బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. 1906-07లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపారు. కొండనే చెక్కి స్తూపాలుగా మలిచిన వరసలు, గుహల్లో బుద్ధుడి విగ్రహాలు చూస్తే, ఇటుక పేర్చే మేస్త్రీకైనా, గ్రానైటు కోసే కార్మికుడికైనా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కనుమ నాడు అక్కడ తీర్థం జరుగుతుంది. ఒకప్పుడు తీర్థానికి వచ్చినవారు బొజ్జలా కనిపించే రాతి రూపాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు రువ్వేవారు. అది బౌద్ధ క్షేత్రమని తెలిసినవారు పూనుకుని నచ్చజెబుతూ వచ్చారు. రాయి విసిరినవారిలో ద్వేషం లేదు, ఎవరూ చెప్పలేదంతే. తెలియకపోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. మనం వెళ్ళి తెలుసుకోవాలనడం అందుకే.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో ఖగోళ వేధశాల కట్టించారు. తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. దూరదర్శినులతో ఆకాశాన్ని పరిశీలించిన ఆ భవనం ఇప్పుడు లేదు. చూడటానికి జనం వస్తూ ఉండే చోటును కూల్చాలంటే ఎవరైనా ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు. ఎవరూ రాని చోట పిచ్చిమొక్కలు మొలుస్తాయి, ఆక్రమణలు మొదలవుతాయి, చివరికి జ్ఞాపకం కూడా మిగలదు. మనం పెట్టే అడుగే వాటికి కాపలా.

మరో మాట. మన సొంత చరిత్ర కూడా చరిత్రే. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో తెలుగునాట జనం వీధుల్లోకి వచ్చారు. అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరిలో ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్నాం. ఆ స్థలం కోసం ఇళ్ళూ పొలాలూ వదులుకున్న నిర్వాసితుల పల్లెల పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మొదటి హీట్ తీసిన రోజు ఫొటోలు, పాత గేటు పాసులు, హెల్మెట్లు, ఉద్యమం నాటి కరపత్రాలు, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డులు మన ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. వాటిని పాత సామాన్ల బండికి వేయకండి.

అందుకే ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతున్నాను.

తల్లిదండ్రులకు: నెలకు ఒక చోటు చాలు. బయల్దేరే ముందు వేళలు కనుక్కోండి, కురుసురకు సోమవారం సెలవు. కొండల మీదికి నీళ్ళు, టోపీలు తీసుకెళ్ళండి. నైట్ షిఫ్టు దిగిన రోజున కాకుండా ఒళ్ళు విశ్రాంతిగా ఉన్న రోజున వెళ్ళండి. ఆ రోజు వంట భారమంతా ఇంటి ఆడవాళ్ళ మీద వేయకండి, వారికీ అది సెలవే. సింహాచలం ఎలాగూ వెళతారు కదా, ఈసారి దర్శనమయ్యాక గోడల మీది శాసనాలనూ చూడండి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చిన గుడి అది.

ఉపాధ్యాయులకు: స్కూలు పిక్నిక్ అంటే పార్కులే కానక్కర్లేదు. పిల్లలకు ముందు రోజు పది నిమిషాలు కథ చెప్పి తీసుకెళ్ళండి. తిరిగొచ్చాక నచ్చిన ఒక్క వస్తువు గురించి ఒక పేజీ రాయించండి.

యూనియన్లకు, కాలనీ సంఘాలకు: మేడే, విశ్వకర్మ పూజ ఎంత శ్రద్ధగా జరుపుతామో అంత శ్రద్ధగా ఏడాదికి ఒకటి రెండు యాత్రలు పెట్టండి. కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలను తప్పకుండా కలుపుకోండి, చూడాలని ఉన్నా బండి ఖర్చు భరించలేక ఆగిపోయేది వారే. రిటైరైన పెద్దలను కూర్చోబెట్టి వారి మాటలు రికార్డు చేయండి, పేరు, సెక్షను, ఏడాది రాసి భద్రపరచండి.

యాజమాన్యాలకు: సామాజిక బాధ్యత నిధుల్లో కొంత ఈ స్థలాలకు కేటాయించండి. కార్మికుల పిల్లల యాత్రలకు బస్సులు ఇవ్వండి. మూలపడిన పాత యంత్రాల్లో ఒకటి రెండైనా తుక్కు వేలానికి పంపకుండా జనం చూసేచోట నిలపండి.

అధికారులకు: ప్రతి స్థలంలో చదవగలిగే తెలుగు బోర్డు, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, సెలవు రోజుల్లో సరిపడా బస్సులు ఉండాలి. ఇవి మేము కోరుతున్న కనీస సౌకర్యాలు.

అక్కడికి వెళ్ళేవారందరికీ: స్తూపాలెక్కి ఫొటోలు దిగొద్దు. ఇటుకల మీద పేర్లు చెక్కొద్దు. ప్లాస్టిక్ సీసాలు, పొట్లాల కాగితాలు తిరిగి సంచిలో వేసుకు రండి. కాపలా ఉన్న మనిషిని పేరు అడిగి పలకరించండి, ఎండలో వానలో ఆ చోటును చూసుకునేది ఆయనే.

ఈ ఊరు మనకు జీతమిచ్చింది, పిల్లలకు చదువిచ్చింది. మన తాతలు ఎక్కడ పుట్టినా మన మనవలు చెప్పుకునే ఊరు విశాఖే. ఊరి పేరు చెప్పుకోవాలంటే ఊరి కథ తెలిసుండాలి, అది వాళ్ళకు చెప్పాల్సింది మనమే. వచ్చే ఆఫ్ ఏ రోజో ఇవాళే చూసుకోండి. ఏ చోటికి వెళ్ళాలో ఇంట్లో పిల్లలనే ఎంచుకోమనండి. పక్క క్వార్టరు వాళ్ళనూ పిలవండి, కలిసి బయల్దేరండి.